మెడ లేబుల్ మీద అంకె

ఫిబ్రవరి 12, సోమవారం

ఇది మూడోసారి. బట్టల షాపు హంసా బెన్ పేరు మీద వచ్చిన కంటైనర్‌లో పిల్లల బనియన్లు, చొక్కాలు, లాగులు. అన్నీ నిట్, అంటే అల్లిక బట్టలే. డిక్లరేషన్ మొదటి పేజీ నిండా బేబీ బట్టలని రాసి ఉంది. మా తనిఖీ అధికారి లైసాని చూసి, సంతకం పెట్టి వదిలేసింది. నేను వేరే పని మీద గోడౌన్‌లోకి వెళ్ళి, తెరిచి ఉన్న పెట్టెలోంచి ఒక పసుపు చొక్కా పైకి తీసి చూశాను. మెడ దగ్గర లేబుల్ మీద 2 అని ఉంది.

రెండో సైజంటే రెండేళ్ళ పిల్లలది. రెండేళ్ళ పిల్ల తొంభై రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. కస్టమ్స్ చట్టం ఎనభై ఆరు దగ్గర గీత గీసింది. అంత ఎత్తు మించని పిల్లల కోసం కుట్టినవైతే బేబీ బట్టలు, సుంకం నామమాత్రం. మించితే పిల్లల బట్టలు, సుంకం నడ్డి విరుస్తుంది. ఇరవై రెండేళ్ళుగా నేను ఈ గీత పక్కనే కూర్చుని జీతం తీసుకుంటున్నాను. ఈ రేవులో ఏ బట్ట ఏ పద్దు కిందికి వస్తుందో చెప్పాలంటే ఉనాయిసిని, అంటే నన్నే అడుగుతారు.

లైసానికి ఈ గీత సంగతి తెలియదా? నేర్పింది నేనే.

ఫిబ్రవరి 13

టీ వేళ అందరూ ఉండగా నేనే ఎత్తుకున్నాను.

"ఏం వదినా, హంసా బెన్ కాగితాలు కనపడితే నీ పెన్ను ఆగట్లేదు. ఏం పెడుతోందేంటి నీకు?"

లైసాని కప్పు కింద పెట్టి, చర్చిలో సాక్ష్యం చెప్పేంత గంభీరంగా మొహం పెట్టింది. "దాచేదేముంది వదినా. ఇల్లు కట్టిస్తోంది. రెండంతస్తులు. పైన నీకూ ఓ గది వెయ్యమన్నాను. ముసలితనంలో నిన్నెవరు చూస్తారు, ఆ మొహానికి?"

అందరూ విరగబడి నవ్వారు. గేటు కాపలా నెమాని బాబాయ్‌కి టీ పొలమారింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు.

లైసాని మా మేనమామ కూతురు. ఫిజీలో, మా ద్వీపంలో, మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు ఒకరినొకరు ఎన్ని మాటలన్నా తప్పు లేదు, అనకపోతేనే తప్పు. మా తాత శవం పక్కన కూర్చుని కూడా ఇది నా ముక్కు మీద జోకులేసింది, ముసలమ్మలు ఏడుపు ఆపి నవ్వారు. అలాంటి దాన్ని నిజంగా ఒక ప్రశ్న అడగడం ఎలా? ఏం చెప్పినా నవ్వులో కలిసిపోతుంది. నిజం దాచుకోవడానికి అంతకంటే మంచి చోటు ఉంటుందా?

అడగ్గానే ఇల్లు అంది. చీర అనలేదు, గొలుసు అనలేదు, విందు అనలేదు. ఇల్లే ఎందుకు నోటికొచ్చింది?

ఫిబ్రవరి 15

చీర అని ఎందుకు రాశానో. లైసాని చీర కట్టదు. హంసా బెన్ కడుతుంది. నా బుర్ర ఎప్పుడూ హంసా బెన్ షాపు చుట్టూనే తిరుగుతోంది.

ఫిబ్రవరి 19

రాజధాని సువాలోని ప్రధాన కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. వర్గీకరణ విభాగానికి పెద్ద అధికారి కావాలట, లోపలి వాళ్ళే దరఖాస్తు పెట్టుకోవచ్చట. నాకు ఆ పదవి మీద ఆశ లేదు. ఈ వయసులో సువా వానలో ఎవరు తడుస్తారు?

లైసాని నోటీసు ముందు చాలాసేపు నిలబడింది.

ఫిబ్రవరి 21

హంసా బెన్ స్వయంగా వచ్చింది. ఎప్పటిలాగే డబ్బా నిండా కారప్పూస తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. అందరూ చేతులు పెట్టారు. నేను పెట్టలేదు.

"ఉనాయిసి బెన్, తిను తల్లీ. విషం కలపలేదు."

"పళ్ళు నొప్పి."

"నీకు పళ్ళు నొప్పి, నాకు మోకాళ్ళు. ఆ పిల్ల లైసాని ఒక్కతే గట్టిగా ఉంది ఈ ఆఫీసులో. నా పెట్టెలు పది ఉంటే పదీ విప్పిస్తుంది. చంపేస్తుంది నన్ను," అని హంసా బెన్ నవ్వింది.

పది విప్పించడం ఎందుకు, చివరికి వదిలెయ్యడానికైతే? పైకి చూడటానికి కష్టపడి తనిఖీ చేసినట్టు ఉండాలి, అంతే. ఇలాంటి ఎత్తులు నేను చాలా చూశాను.

పోయేముందు నేను మామూలుగా అడిగినట్టు అడిగాను, రెండో సైజు ఎవరు కొంటున్నారు అని. "ఏడాది పిల్లలకే కొంటారమ్మా. మీ ఫిజీ పిల్లలు పుట్టడమే రగ్బీ ఆటగాళ్ళలా పుడతారు. రెండేళ్ళు వచ్చేసరికి నాలుగో సైజు అడుగుతారు," అంది. ఎందుకని అడక్కుండానే వివరణ కూడా సిద్ధంగా ఉంది. కానీ చట్టం అడిగేది ఎవరు తొడుక్కుంటున్నారని కాదు, ఎవరి కోసం కుట్టారని. ఇది కూడా లైసానికి నేనే నేర్పాను.

ఫిబ్రవరి 25, ఆదివారం

చర్చి నుంచి వస్తూ లైసాని ఇంటి మీదుగా వచ్చాను. ఇంటికి కొత్త రేకులు వేస్తున్నారు. నీలం రంగువి.

ఫిబ్రవరి 27

లైసాని వరండాలో ఒంటరిగా దొరికింది. ఈసారి నవ్వకుండా అడుగుదామనుకున్నాను.

"వదినా, ఆ పసుపు చొక్కాలు బేబీ బట్టలు ఎలా అయ్యాయి?"

ఏదో ఫైలు మీద రాసుకుంటూ తల ఎత్తకుండానే, "చొక్కా తిరగేసి చూడు వదినా, తెలుస్తుంది," అంది.

నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళ కిందట ఈస్టర్ నాడు నేను గౌను తిరగేసి తొడుక్కుని, కుట్లన్నీ పైకి కనపడుతుంటే, పాటలు పాడే వాళ్ళ మొదటి వరసలో నిలబడ్డాను. బట్టల నిపుణురాలినంటారు, నా బట్టే నేను చూసుకోలేదు. ఆ సంగతి ఇప్పటికీ మా పేటలో ఆడవాళ్ళు వంట చేసుకుంటూ చెప్పుకుంటారు. ఉద్యోగం విషయం అడిగితే అదా తీసేది?

జవాబు లేనివాళ్ళే ఎదుటివాళ్ళ పరువు తీస్తారు.

మార్చి 1

నెమాని బాబాయ్‌ని అడిగాను, లైసాని ఇంటి రేకులు ఎక్కడివని. "నాకేం తెలుసమ్మా, మొన్నటి తుఫానుకి పోయాయిగా పాతవి," అన్నాడు. అనేటప్పుడు నా వైపు చూడలేదు. ఈయన వేసుకునే పూల చొక్కా కుడి అంచు ఎడమ మీదికి వస్తుంది. మా వర్గీకరణ పుస్తకం ప్రకారం అది ఆడవాళ్ళ చొక్కా. పదేళ్ళుగా పెళ్ళాం చొక్కా వేసుకుని గేటు దగ్గర పెద్దమనిషిలా నిలబడుతున్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. నాకు కనపడినవన్నీ చెప్పడం మొదలుపెడితే ఈ రేవులో ఎవరూ తలెత్తుకోలేరు.

బాబాయ్ కూడా ఇందులో ఉన్నాడా అని ఒక్క నిమిషం అనిపించింది. తర్వాత సిగ్గేసింది. తర్వాత మళ్ళీ అనిపించింది.

మార్చి 5

లైసాని సువా పదవికి దరఖాస్తు పెట్టిందట. నాతో చెప్పలేదు.

మార్చి 6

చెప్పాల్సిన అవసరం ఏముందిలే. నాకు ఆశ లేదు కదా.

మార్చి 12

రిపోర్టు రాశాను. రెండు పేజీలు. మూడు కంటైనర్ల నంబర్లు, తేదీలు, మెడ లేబుల్ మీద అంకె, నా లెక్క ప్రకారం పడాల్సిన పద్దు. చివర పేరాలో ఫిబ్రవరి పదమూడున టీ వేళ లైసాని అన్న మాట. "హంసా బెన్ నాకు రెండంతస్తుల ఇల్లు కట్టిస్తోంది, దాచేదేముంది." ఇంగ్లీషులో రాస్తే ఆ మాటకు వేరే మొహం వచ్చింది. మళ్ళీ చదివితే నాకే భయం వేసింది.

నవ్వుతూ అంది అని రాయాలా? అసలు నవ్వలేదు కదా. గంభీరంగానే అంది. నవ్వింది మేము. నేను విన్నది విన్నట్టు రాశాను. నా వైపు నుంచి ఒక్క మాట కలపలేదు.

పైన నా కోసం గది అన్న ముక్క వదిలేశాను. దానికీ కేసుకీ సంబంధం లేదు.

మార్చి 13

పంపాను.

మార్చి 20

సువా నుంచి విచారణకి విజేంద్ర అనే ఆయన వచ్చాడు. నెమ్మదిగా మాట్లాడతాడు, ప్రతి కాగితం రెండుసార్లు చూస్తాడు. లైసానిని లోపల మూడు గంటలు కూర్చోబెట్టాడు. బయటికి వచ్చి నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చింది. చేతులు చల్లగా ఉన్నాయి, నా చెయ్యి పట్టుకుంది కాబట్టి తెలిసింది.

"ఎవరో రాశారు వదినా నా మీద. ఇల్లు కట్టిస్తోందన్న మాట కూడా రాశారు. ఆ రోజు మన బల్ల దగ్గర ఉన్నవాళ్ళలోనే ఎవరో."

"ఎవరయ్యుంటారు?"

"నెమాని మామయ్య అనుకుంటున్నాను. ఆయన అందరి మాటలూ వింటాడు కదా, గేటు దగ్గర కూర్చుని." కళ్ళు తుడుచుకుంది. "పిల్లల ఫీజులు కట్టాలి వదినా. చక్కెర మిల్లు జూన్ దాకా తెరవరు. మా ఆయనకి అప్పటిదాకా పని లేదు. నా జీతం ఆగితే ఇల్లు ఎట్టా నడుస్తుంది?"

బాబాయ్ కాదు అని నేను అనలేదు.

మార్చి 22

నన్ను లోపలికి పిలిచారు. అడిగిన దానికి జవాబు చెప్పాను. ఇంకేం లేదు.

మార్చి 26

లైసానిని విచారణ అయ్యేదాకా జీతం లేకుండా పక్కన పెట్టారు. తప్పు తేలితే ఉద్యోగం పోతుంది, కేసు కూడా అవుతుంది. హంసా బెన్ సరుకు గోడౌన్‌లో ఆపేశారు. ఆవిడ కౌంటర్ దగ్గర నిలబడి ఏడ్చింది, ఈసారి డబ్బా తేలేదు.

టీ వేళ నెమాని బాబాయ్ వచ్చి కూర్చుంటే ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఆయన కప్పు పట్టుకుని నా వైపు చూశాడు. బాబాయ్‌కి తెలుసు. ఎలాగో తెలుసు. నోరు విప్పట్లేదు.

మార్చి 28

ఎందుకు నోరు విప్పట్లేదు? నా దగ్గర ఏం ఆశిస్తున్నాడు?

ఏప్రిల్ 3

సీలు వేసిన సంచి నా బల్ల మీదికి వచ్చింది. పన్నెండు నమూనాలు. విజేంద్ర కింద నోట్ రాశాడు: సాంకేతిక అభిప్రాయం ఉనాయిసి గారు ఇవ్వాలి. ఫిర్యాదు చేసిన మనిషినే అభిప్రాయం అడుగుతారా అని తలుపు దగ్గర ఒక మాట అన్నాను. "ఈ రేవులో మీకంటే తెలిసినవాళ్ళు లేరట, అందరూ అదే అన్నారు. తర్వాత సువాలో ఇంకొకరు చూస్తారులెండి," అన్నాడు. ఆ ఇంకొకరు చూడరు. నా సంతకం ఉన్న కాగితాన్ని సువాలో ఎవరూ తిరగేసి చూడలేదు ఇన్నేళ్ళలో.

పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. ముందు అది నేతా, అల్లికా తేల్చాలి. పైనుంచి చూస్తే చాలా బట్టలు మోసం చేస్తాయి. లోపలి వైపు భూతద్దం పెడితే గొలుసు ముడులు కనపడతాయి, అప్పుడే నిట్ అని రాయాలి. పసుపు చొక్కాని తిరగేశాను.

నడుము పక్క కుట్టులో ఉతుకు సూచనల చిన్న లేబుల్ ఉంది. గోరంత వెడల్పు. నాలుగు చైనా అక్షరాలు, ఒక బకెట్ బొమ్మ, ఒక ఇస్త్రీపెట్టె బొమ్మ. వాటి కింద: 2, పక్కన ఎత్తు 86.

రెండో చొక్కా తీశాను. 86. మూడోది. 86. పన్నెండింటిలో తొమ్మిది మెడ దగ్గర 2 అన్నవి. తొమ్మిదింటికీ పక్క కుట్టులో 86. ఆ కార్ఖానా వాళ్ళకి రెండో సైజంటే ఎనభై ఆరు. మన షాపుల్లో దొరికే ఆస్ట్రేలియా బట్టల సైజు కాదు అది. నేను ఇరవై రెండేళ్ళు ఈ రేవులో కూర్చుని, రెండు అనగానే తొంభై రెండు అనుకున్నాను, ఎందుకంటే నా పిల్లలకి నేను కొన్నది ఆ సైజు పట్టీ చూసే.

మిగిలిన మూడు మెడ దగ్గర 3 అన్నవి. వాటికి 92. డిక్లరేషన్ తీసి రెండో పేజీ చూశాను. మొదటిసారి చూశాను ఆ పేజీ. మూడో సైజు సరుకంతా అక్కడ వేరుగా, పిల్లల బట్టల పద్దు కింద, పూర్తి సుంకంతో ఉంది. పక్కన లైసాని చేతిరాత: "పది పెట్టెలు విప్పి, లోపలి లేబుళ్ళు చూసి నిర్ధారించాను."

లేబుల్ అలా కుట్టడం కార్ఖానా వాళ్ళ తప్పు. మెడ దగ్గరే రాయొచ్చు కదా.

ఏప్రిల్ 4

చట్టం "ఎనభై ఆరు మించని" అంటోంది. ఎనభై ఆరు అంటే సరిగ్గా గీత మీద. గీత మీద ఉన్నది ఎటైనా చెప్పొచ్చు.

చెప్పలేం. మించనిది అంటే ఎనభై ఆరు కూడా లోపలే. ఎవరికి నేర్పుతున్నాను?

ఏప్రిల్ 5

ఈ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నాననే అనుకున్నాను. మార్చి ఇరవై రెండున రాయలేదు.

ఆ రోజు విజేంద్ర పెన్ను పక్కన పెట్టి అడిగాడు. "ఉనాయిసి గారూ, మీరిద్దరూ మేనత్త మేనమామ పిల్లలని విన్నాను. ఆ వరసవాళ్ళు ఎలా మాట్లాడుకుంటారో నాకూ తెలుసు, నేనూ ఇక్కడే పుట్టాను. ఈ ఇల్లు మాట ఆమె వేళాకోళానికి అని ఉండొచ్చా?"

తలుపు తెరిచి చూపించాడు నాకు. ఒక్క "అవును" చాలు.

"ఉద్యోగంలో ఉన్నప్పుడు మా మధ్య చుట్టరికం లేదు సార్," అన్నాను.

ఆయన ఆ మాట యథాతథంగా రాసుకున్నాడు. నేను చదివి సంతకం పెట్టాను.

వేళాకోళమని నాకు తెలుసు. అది నోరు తెరిచినప్పుడే తెలుసు. టీ బల్ల దగ్గరే తెలుసు. అది నిజంగా నోరు విప్పి, చొక్కా తిరగేసి చూడమని చెప్పిన రోజు మాత్రం వేళాకోళం అనుకున్నాను. దాని జోకుని సాక్ష్యం చేశాను, దాని జవాబుని జోకు చేశాను. ఎందుకు చేశానో కూడా తెలుసు, కానీ అది ఇవాళ రాయను.

ఏప్రిల్ 6

సువా పదవికి పెట్టిన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. ఫిబ్రవరి ఇరవైన పెట్టాను. ఇక్కడ రాయలేదు.

ఏప్రిల్ 7

రెండు దారులున్నాయి. లోపలి లేబుల్ చూసి అభిప్రాయం ఇస్తే లైసాని నిలుస్తుంది, నా పేరు పోతుంది. పై లేబుల్ చూసి ఇస్తే నా పేరు నిలుస్తుంది, లైసాని పోతుంది. ఎవరూ చొక్కా తిరగేయరు. హంసా బెన్ గట్టిగా పోట్లాడితే తప్ప. ఆవిడ పోట్లాడదు, మోకాళ్ళ నొప్పులు.

ఇది రాశాక మళ్ళీ చదివాను. ఇంతకాలం అందరి కాగితాల్లోనూ దొంగని వెతికాను.

ఏప్రిల్ 9, సోమవారం

అభిప్రాయం రాశాను. తొమ్మిది నమూనాలు బేబీ బట్టలు, మూడు పిల్లల బట్టలు, దిగుమతిదారు ప్రకటన సరైనది, తనిఖీ అధికారి పని సక్రమం, ఫిర్యాదులోని లెక్క తప్పు. కింద నా పేరు.

విజేంద్ర ఫోన్ చేశాడు. "మరి ఆ ఇల్లు సంగతి?"

"వేళాకోళం సార్. మేం వదినలం."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినపడింది. "రేకుల సంగతి నేను అప్పుడే కనుక్కున్నానమ్మా. మిల్లు కార్మికుల సంఘం తుఫాను సాయం కింద వేయించింది, ఆ వీధిలో ఎనిమిది ఇళ్ళకి. ఈ మాట ఒక్కటే మిగిలింది. ఆ రోజు నేను మిమ్మల్ని అడిగాను కదా."

"అడిగారు."

"నా ఫైల్లో మీ మొదటి జవాబు కూడా ఉంటుంది. తీసెయ్యడానికి లేదు."

"తీసెయ్యమని అడగట్లేదు సార్."

అడుగుదామనే నోటిదాకా వచ్చింది.

ఏప్రిల్ 18

లైసానిని మళ్ళీ తీసుకున్నారు. ఆగిన జీతం ఇస్తారు. నిబంధన ప్రకారం ఫైలు నకలు కూడా ఇచ్చారు, చదువుకుని సంతకం పెట్టమని. అరగంట చదివింది. అద్దం అవతల నుంచి చూశాను. ఒక పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి, మళ్ళీ చదివింది. తర్వాత లేచి గేటు దగ్గరికి వెళ్ళి నెమాని బాబాయ్ ముందు నేల మీద కూర్చుంది. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టాడు.

నా వైపు రాలేదు.

ఏప్రిల్ 20

రెండు రోజులుగా నాతో ఒక్క మాట లేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు.

ఏప్రిల్ 23

బాబాయ్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"వెళ్ళి క్షమాపణ పెట్టుకో అమ్మాయ్. పద్ధతిగా. ఒక్కదానివి వెళ్ళకూడదు, నీ తరఫున మాట్లాడే పెద్దమనిషి ఉండాలి. నేనొస్తాను."

"నువ్వా బాబాయ్? నీ మీద పడ్డ నింద కూడా నా వల్లే కదా."

"నాకు ముందే తెలుసు. నువ్వు రిపోర్టు పంపిన రోజు కవరు గేటు దగ్గర నా చేతికే ఇచ్చావు. పైన సువా విచారణ విభాగం అని ఉంది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మా అన్న కూతురివి. నువ్వే చెబుతావనుకున్నాను." ఆయన లేచాడు. "చాలా ఆలస్యం చేశావు."

ఆయన ఏం ఆశిస్తున్నాడా అని అనుమానపడ్డాను ఇన్ని రోజులు. ఇది ఆశించాడట.

ఏప్రిల్ 28, శనివారం

క్షమాపణ అడిగేటప్పుడు మావాళ్ళు ఇచ్చే కావా మొక్క వేళ్ళ కట్ట పెద్దది కొన్నాను. కొత్త చాప ఒకటి. మధ్యాహ్నం బాబాయ్, నేను లైసాని ఇంటికి వెళ్ళాం. మేనమామ ద్వీపం నుంచి ఇక్కడికి వచ్చి కూతురి దగ్గరే ఉంటున్నాడు. తలుపు దగ్గరే మోకాళ్ళ మీద కూర్చున్నాం. బాబాయ్ వేళ్ళ కట్ట రెండు చేతులతో ఎత్తి, నా తప్పు ఏంటో మర్యాద మాటల్లో చెప్పాడు. తక్కువ చెయ్యలేదు, ఎక్కువ చెయ్యలేదు. నేను తల ఎత్తలేదు. నేల మీద పరిచిన చాప అంచు మాత్రమే కనపడుతోంది.

మేనమామ కట్ట అందుకున్నాడు. అందుకుంటే క్షమించినట్టే. చేతులు డొల్లగా పెట్టి మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. "అయిపోయింది. ఈ మాట ఇక ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు," అన్నాడు. లైసాని కూడా చప్పట్లు కొట్టింది. నేను విన్నాను. నాకు ఏడుపు ఆగలేదు, పిల్లలు వింతగా చూశారు.

తర్వాత భోజనం. కొబ్బరిపాలు పోసి వండిన చేప, ఉడికించిన కర్రపెండలం. లైసాని స్వయంగా వడ్డించింది. నాకు మంచి ముక్క వేసింది, తల వైపుది. గదిలో మాటలు మొదలయ్యాయి, బాబాయ్ ఏదో రగ్బీ మ్యాచి సంగతి చెబుతున్నాడు. నా గుండెల్లో బరువు దిగినట్టే అనిపించింది. ఇంక అంతా మామూలే అనుకున్నాను. ఒక ముద్ద తిని, ఎప్పటిలా మొదలుపెట్టాను.

"ఏం వదినా, మా మేనమామ నీకు వంట నేర్పడం మర్చిపోయాడా? సముద్రంలో పుట్టిన చేప, నీ గిన్నెలోకి వచ్చేసరికి ఉప్పుకి మొహం వాచింది."

బాబాయ్ మాట ఆపాడు. పిల్లలు నోట్లో ముద్ద పెట్టుకుని తల్లి వైపు తిరిగారు. అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. దాని దగ్గర ఇలాంటి మాటకి పది జవాబులు ఉంటాయి, ఒకదాన్ని మించి ఒకటి.

లైసాని నా ముందుకి వచ్చి, వంగి, రెండు చేతులతో గిన్నె అందుకుంది.

"పొరపాటైందండీ. ఇప్పుడే వేసి తెస్తాను. మీరు కూర్చోండి," అంది.

కోపం లేదు ఆ గొంతులో. వెతికాను, లేదు. కౌంటర్ దగ్గరికి వచ్చే వాళ్ళతో అది అలాగే మాట్లాడుతుంది. మేనమామ కిటికీ వైపు తిరిగాడు. బాబాయ్ మళ్ళీ మ్యాచి సంగతి ఎత్తుకున్నాడు, ఎవరూ వినలేదు.

గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. తిన్నాను. ఉప్పు సరిపోయింది.